నిలిచి ఉన్న జనం: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్ దారిలో తారలు, దుకాణాలు, అభిమానులు

ఒక సినీ నటుడు గాని, ఒక వస్త్ర దుకాణం గాని సామాజిక మాధ్యమాలలో లక్షలాది మందిని రోజూ తమ వైపు తిప్పుకోవడాన్ని ప్రకటనల రంగంలో ఎంగేజ్‌మెంట్ అంటారు. ఒక వీడియోను చూసినవారిలో ఎందరు మెచ్చుకున్నారు, ఎందరు వ్యాఖ్య రాశారు, ఎందరు దానిని మరొకరికి పంపారు అన్న లెక్కే దీనికి కొలమానం. ఈ లెక్క కొత్తదే గాని, దాని వెనుక ఉన్న పని పాతది. హైదరాబాదు తూర్పు భాగంలో మలక్‌పేట దాటాక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా సాగే దారిలో సినిమా హాళ్ళు, బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు కొన్ని దశాబ్దాలుగా జనాన్ని నిలుపుకున్న తీరును పరిశీలిస్తే, ఈనాడు ఫోనులో కనిపించే ఉపాయాలలో చాలావాటికి అక్కడ పూర్వరూపాలు దొరుకుతాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది: జనాన్ని నిలిపి ఉంచే శ్రమలో పెద్ద భాగం తారలదీ కాదు, వ్యాపారులదీ కాదు; మొదటి నుంచీ ఆ జనమే ఆ పనిని జీతం లేకుండా, చాలాసార్లు చేతి డబ్బు పెట్టుకుని మరీ చేస్తూ వచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు అక్కడి పొలాల యజమాని దిల్‌సుఖ్ రాం ప్రసాద్ వల్ల వచ్చింది. ఆయన భూములను ఇళ్ళ స్థలాలుగా విడగొట్టడంతో కాలనీ మొదలైంది. ఎల్బీనగర్ పేరులో ఉన్నది మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి. విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర నగరంలోకి ప్రవేశిస్తాయి కనుక నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుంచి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుంచి చదువుకో, ఉద్యోగానికో, ఆసుపత్రికో వచ్చేవారికి నగరం ఇక్కడే మొదలవుతుంది. పాత నగరపాలక సంస్థ హద్దులకు వెలుపల ఉన్న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు, మరో పది మునిసిపాలిటీలతో పాటు 2007 ఏప్రిల్ 16న ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిశాయి. అద్దె గదులలోను హాస్టళ్ళలోను ఉండే విద్యార్థులు, చిన్న ఉద్యోగులు, ఊరికీ నగరానికీ మధ్య వారం వారం తిరిగే కుటుంబాలు ఇక్కడి జనాభాలో ఎప్పుడూ ఎక్కువే; తెలుగు సినిమాకు, తెలుగు వ్యాపార ప్రకటనకు ఇంతకన్నా సిద్ధంగా ఉన్న ప్రేక్షకులు నగరంలో మరోచోట దొరకడం కష్టం.

సినిమా పుట్టే చోట్లు మాత్రం ఈ దారికి దూరంగా ఉన్నాయి. అక్కినేని నాగేశ్వరరావు 1976లో ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియోస్, దాని చుట్టూ ఎదిగిన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ నగరానికి పడమటి వైపున ఉంటే, 1996లో 1,666 ఎకరాలలో తెరుచుకున్న రామోజీ ఫిలిం సిటీ ఎల్బీనగర్ దాటి, హయత్‌నగర్ కూడా దాటి, విజయవాడ దారిలో ఉంది. తార ఒక కొసన, చిత్రీకరణ మరో కొసన ఉండగా, నడుమ ఉన్న ఈ దారిలో ఉన్నది ప్రేక్షకుడు.

దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలలోని కోణార్క్, వెంకటాద్రి, రాజధాని, మేఘ, శివగంగ, ఎల్బీనగర్‌లోని విజయలక్ష్మి వంటి హాళ్ళు ఈ ప్రేక్షకుడికి ఉమ్మడి చోట్లయ్యాయి. కొత్త చిత్రం విడుదలైన రోజున హాలు ముందు కనిపించే తోరణాలు, కటౌటుకు వేసే నిలువెత్తు దండలు, కొబ్బరికాయలు, టపాకాయలు, కథానాయకుడు తెర మీదికి రాగానే ఎగిరే కాగితపు ముక్కలు నిర్మాత ఖర్చుతో జరిగేవి కావు. వాటిని సమకూర్చేది అభిమాన సంఘం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపుతో పేట పేటకూ ఏర్పడిన ఈ సంఘాలు చందాలు వేసుకునేవి, రాత్రిపూట వాల్‌పోస్టర్లు అంటించేవి, బెనిఫిట్ షో టికెట్లు పంచేవి. బెనిఫిట్ షో అంటే మామూలు ఆటల కన్నా ముందుగా, తెల్లవారుజామునో అర్ధరాత్రో వేసే ప్రత్యేక ప్రదర్శన. ఏదో ఒక సేవా కార్యక్రమానికి నిధుల కోసం వేసే ఆటగా దానికి ఆ పేరు వచ్చినా, క్రమంగా అది అభిమానులే ముందు చూడడానికి, ఎక్కువ ధరకు టికెట్టు కొనడానికి ఏర్పాటైన ఆటగా మారింది.

ఆ కాలపు లెక్క గురించి ఇక్కడ కొంత విస్తరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నేటి అంకెల ఆరాటానికి మూలం అందులో ఉంది. తెలుగు సినిమాకు ఉన్న ప్రధాన కొలమానం రోజుల సంఖ్య: యాభై రోజులు, వంద రోజులు, రజతోత్సవం. ఒక చిత్రం ఎన్ని కేంద్రాలలో వంద రోజులు ఆడిందో ఊళ్ళ పేర్లతో సహా దినపత్రికల ప్రకటనలలో అచ్చయ్యేది. కేంద్రం అంటే సినిమా ఆడే ఊరు. ఆ జాబితాను కంఠస్థం చేసి, పక్క హీరో అభిమానితో వాదనలో అప్పజెప్పగల యువకులు ప్రతి కాలేజీలోనూ ఉండేవారు. జనం తగ్గిన చిత్రాన్ని వందో రోజుకు చేర్చడానికి అభిమానులే టికెట్లు కొని ఖాళీ కుర్చీల లెక్క పూరించిన సందర్భాలు తెలుగు నాట అన్ని చోట్లా ఉన్నాయి. నేడు ఒక ట్రైలర్‌కు ఇరవైనాలుగు గంటలలో ఎన్ని వీక్షణలు వచ్చాయన్నది రికార్డుగా చాటుతున్నారు; ఆ అంకె పెరగాలని అభిమాని అదే వీడియోను పదేపదే చూస్తున్నాడు. ఈ రెండు పనుల వెనుక ఉన్న మనసు ఒకటే. అభిమాని చేతిలో అంకె పెట్టి, అది అతని గౌరవానికి గుర్తని నమ్మించగలిగితే, మిగిలిన పనంతా అతనే చేస్తాడన్న సంగతిని తెలుగు చిత్రసీమ సామాజిక మాధ్యమాలు పుట్టకముందే గ్రహించింది.

తారతో మాట కలిపే దారులు కూడా ముందే ఉన్నాయి. తారలు మద్రాసులో ఉన్న రోజులలో అభిమానులు ఉత్తరాలు రాసి, సంతకం చేసిన ఫోటో కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. తిరుపతి యాత్రకు వెళ్ళిన బస్సులు మద్రాసు దాకా సాగి ఎన్.టి.రామారావు ఇంటి ముందు ఆగడం ఆ తరానికి పరిపాటి. 1966లో మొదలైన విజయచిత్ర, 1976లో మొదలైన సితార వంటి సినీ పత్రికలు పాఠకుల ప్రశ్నలకు చోటిచ్చి, అడిగినవారి పేరునూ ఊరినీ అచ్చువేసేవి. ఆకాశవాణి జనరంజనిలో పాట కన్నా ముందు ఆ పాట కోరినవారి పేర్లు వినిపించేవి. 1990ల నడిమి నుంచి ఈటీవీ, జెమిని వంటి ఉపగ్రహ చానళ్ళు ఫోను చేసిన ప్రేక్షకుడితో యాంకరు నేరుగా మాట్లాడే కార్యక్రమాలు నడిపాయి. వేలాది మంది చూస్తున్న చోట తన పేరు ఒక్కసారి పలికితే చాలునన్న కోరిక ఎంత బలమైనదో ఈ మాధ్యమాలన్నీ ఎరుగును. ఒక నటుడు అభిమాని రాసిన వ్యాఖ్య కింద రెండు మాటల జవాబు పెట్టినప్పుడు వేలాది మంది అదే అదృష్టం కోసం మళ్ళీ మళ్ళీ రాయడం ఆ కోరికకు కొనసాగింపే. తేడా ఎదురుచూపులో ఉంది: ఉత్తరానికి జవాబు రాకపోతే అభిమాని తపాలాను నిందించేవాడు, ఇప్పుడు గంట గంటకూ ఫోను తెరిచి చూస్తున్నాడు.

దుకాణాలకూ సినిమా హాలుకూ ఉన్న తొలి బంధం స్లైడు. ఆట మొదలయ్యే ముందు, విరామ సమయంలో తెర మీద నిలిచే గాజు పలకల ప్రకటనలలో ఆ పేటలోని బట్టల కొట్టు, చెప్పుల షాపు, టైలరు, ట్యూటోరియల్ కనిపించేవి. తారను చూడడానికి వచ్చిన కళ్ళకే సరుకునూ చూపించడం అందులోని యుక్తి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల ప్రధాన రహదారి వెంట చందనా బ్రదర్స్ వంటి బహుళ అంతస్తుల వస్త్ర దుకాణాలు వెలిసిన తర్వాత తారే స్వయంగా దుకాణానికి రావడం మొదలైంది. షోరూమ్ ప్రారంభోత్సవానికి కథానాయికను పిలిచి, జ్యోతి వెలిగింపజేసి, మేడ మీద నుంచి రోడ్డు మీది జనానికి చేయి ఊపించడం ఈ దారిలో ఒక ఆచారంగా స్థిరపడింది. ఆ రోజు వచ్చిన వేలమందిలో కొనేవారు తక్కువే కావచ్చు. ట్రాఫిక్ నిలిచిపోయిందన్న వార్త మరునాటి పత్రిక జిల్లా పేజీలో వస్తే దుకాణం పేరు వారం రోజులు నోళ్ళలో నానేది.

జనాన్ని ఒక్కసారి రప్పించడం వేరు, ఏడాది పొడవునా నిలుపుకోవడం వేరు. రెండవ పని కోసం వస్త్ర వ్యాపారులు పంచాంగాన్నే ఆధారం చేసుకున్నారు. పెళ్ళిళ్ళు, శుభకార్యాలు లేని ఆషాఢంలో అమ్మకాలు పడిపోతాయి కనుక ఆ నెలనే తగ్గింపు ధరల నెలగా మార్చి, ఒకటి కొంటే రెండు ఉచితమనీ చీరలు కిలోల లెక్కన అమ్ముతామనీ ప్రకటించడం, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి, ఆ తర్వాత బతుకమ్మ, దసరా, దీపావళులకు, సంక్రాంతికి లక్కీ డ్రాలు, స్క్రాచ్ కార్డులు పెట్టడం ద్వారా ఏడాదిలో ఖాళీ నెల అంటూ లేకుండా చేశారు. స్క్రాచ్ కార్డు గోకిన కొనుగోలుదారుకు సాధారణంగా వచ్చేది చిన్న స్టీలు గిన్నె, ఎప్పుడో ఒకరికి కారు. ఎప్పుడు ఏమి దొరుకుతుందో తెలియకపోవడమే జనాన్ని తిరిగి రప్పించేది. ఈ అనిశ్చితే నేటి ఫోను తెరను కిందికి లాగుతూ పోయే వేలిని కూడా నడిపిస్తున్నది. ఏది ఎవరికి, ఎప్పుడు చూపించాలో నిర్ణయించే గణిత సూత్రాల సముదాయాన్ని అల్గారిథమ్ అంటారు. దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారి పంచాంగంతోనూ తన అనుభవంతోనూ చేసిన పనిని అది ప్రతి మనిషికీ విడివిడిగా చేస్తుంది.

ఈ దారికి ప్రత్యేకమైన మూడవ వ్యాపారం కోచింగ్. 1986లో ఎంసెట్ మొదలైనప్పటి నుంచి ఇంజినీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షలకు, ఆ తర్వాత డీఎస్సీ, పోలీసు నియామకాలకు, కంప్యూటర్ కోర్సులకు శిక్షణ ఇచ్చే సంస్థలు దిల్‌సుఖ్‌నగర్‌లో పెరుగుతూ వచ్చాయి. వీటి ప్రచారంలో తార ఎవరంటే మొన్నటి దాకా పక్క బెంచీలో కూర్చున్న విద్యార్థి. పాస్‌పోర్టు ఫోటో పక్కన హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు వేసి పత్రిక నిండా అచ్చువేయడం, ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచే టీవీలో ర్యాంకులను ఎలుగెత్తి చదివించడం తెలుగు రాష్ట్రాలలో వేసవి ప్రకటనల రూపురేఖలనే మార్చివేశాయి. సినీ తారను చూసి అభిమాని ఆరాధిస్తాడు. ర్యాంకరును చూసి తల్లిదండ్రులు తమ బిడ్డను పోల్చుకుంటారు. సామాజిక మాధ్యమాలలో పేరు తెచ్చుకుని, తనను అనుసరించేవారి కొనుగోళ్ళను, అభిప్రాయాలను ప్రభావితం చేసే సామాన్య వ్యక్తిని ఇన్‌ఫ్లూయెన్సర్ అంటున్నారు. అందనంత దూరంలో ఉండే తార కన్నా మనలాంటి మనిషి మాటనే జనం ఎక్కువ నమ్ముతారన్న సూత్రంపై ఆ వృత్తి నిలబడింది. ఆ సూత్రాన్ని కోచింగ్ సంస్థలు చాలా ముందే పరీక్షించి చూశాయి. బస్టాపుల దగ్గర పంచే కరపత్రాలు, మొదటి కొన్ని రోజులు రుసుము లేకుండా కూర్చోనిచ్చే డెమో క్లాసులు కూడా అటువంటివే. నేడు అదే డెమో క్లాసు యూట్యూబ్‌లో ఉచిత పాఠంగా కనిపిస్తుంది.

2000 తర్వాత ఫ్లెక్సీ ముద్రణ చౌకబడడంతో రంగులో అచ్చయ్యే ముఖాల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అంతకుముందు పోస్టరు మీద హీరో ఒక్కడే ఉండేవాడు. ఫ్లెక్సీ మీద హీరో పెద్దగా, కింది వరుసలలో అభిమాన సంఘం సభ్యులందరూ చిన్నగా కనిపించసాగారు. కాలనీ చౌరస్తాలో నాలుగు రోజులు నిలిచే ఆ చిన్న ఫోటో కోసం సభ్యులు ఖర్చు పంచుకున్నారు. ఫేస్‌బుక్ ఆ కోరికను ఖర్చు లేకుండా తీర్చడానికి వచ్చేసరికి, తారతో తన ముఖాన్ని జతచేసి ప్రదర్శించే అలవాటు ఈ వీధులలో అప్పటికే ఉంది.

ఈ రద్దీకి చెల్లించిన మూల్యం కూడా ఈ చరిత్రలో భాగమే. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపంలో, బస్టాపు దగ్గరా టిఫిన్ బండ్ల దగ్గరా జనం కిక్కిరిసి ఉండే వేళ చూసి పెట్టిన రెండు బాంబులు పేలి 18 మంది ప్రాణాలు పోయాయి. అక్కడి చిరు వ్యాపారులు, విద్యార్థులు తిరిగి అదే చోట నిలదొక్కుకోవడం ప్రకటనల చరిత్రలో కనిపించదు గాని, ఆ ధైర్యం లేకపోతే తర్వాతి కథ లేదు.

ప్రేక్షకుడి చూపు రోడ్డు నుంచి అరచేతికి మారడం ఆ తరువాతి కొద్ది ఏళ్ళలోనే జరిగిపోయింది. రామోజీ ఫిలిం సిటీలో ఎక్కువ భాగం చిత్రీకరించిన బాహుబలి తొలి భాగం 2015 జులై 10న విడుదలై, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నతో ముగిసింది. జవాబు 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండవ భాగంలో గాని దొరకలేదు. ఆ ఇరవై ఒక్క నెలలు దేశమంతటా ఆ ప్రశ్నను సజీవంగా ఉంచినవి ప్రేక్షకులు తయారుచేసిన ఊహలు, చలోక్తులు, వీడియోలు. ఆసక్తిని పెంచి సమాధానాన్ని దాచడం సీరియల్ నవలలను ప్రచురించిన తెలుగు వారపత్రికలకు తెలిసిన విద్యే. అయితే పాఠకుడు ఎదురుచూడడమే కాక, ఆ ఎదురుచూపునే ప్రచార సామగ్రిగా మార్చి పంచిపెట్టడం బాహుబలితో స్పష్టంగా కనిపించింది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధరలు కూలిపోవడంతో హాస్టల్ గదిలోని విద్యార్థి కూడా రోజంతా వీడియో చూడగలిగాడు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో మార్గం తెరుచుకోవడంతో రోజూ వేలమంది ఈ దారిని రోడ్డు మీద గాక పైనుంచి, ఎక్కువగా తల వంచి ఫోను చూస్తూ దాటసాగారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం నేల నుంచి 15 అడుగుల ఎత్తు మించిన ప్రకటన బోర్డులను నిషేధించాక, వ్యాపారుల ప్రచార ధనం మెట్రో స్తంభాలకూ ఫోను తెరలకూ మరింతగా మళ్ళింది.

అభిమాన సంఘం కూడా ఫోనులోకి మారింది, కాని రద్దు కాలేదు. హీరో పుట్టినరోజున అభిమానులందరూ తమ ఖాతాలకు ఒకే బొమ్మ పెట్టుకునే కామన్ డీపీ, ఒకే గుర్తు మాటను అందరూ ఒకేసారి రాసి అగ్రస్థానంలో నిలిపే హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్, నిర్మాణ సంస్థను అప్‌డేట్ ఇమ్మని రోజుల తరబడి నిలదీయడం, వీటన్నిటికీ సమయం, భాష, పని విభజన పాత సంఘాల క్రమశిక్షణతోనే ఏర్పడ్డాయి. తారలు ఈ శక్తికి రకరకాలుగా స్పందించారు. చిరంజీవి 1998లో రక్తనిధిని స్థాపించి అభిమానుల ఉత్సాహాన్ని రక్తదానం వైపు మళ్ళించారు. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25న, ఉగాది నాడు, సామాజిక మాధ్యమాలలోకి ప్రవేశించారు. విజయ్ దేవరకొండ తన అభిమానులను రౌడీలని పిలిచి, ఆ పేరుతోనే 2018లో దుస్తుల బ్రాండు ప్రారంభించారు. క్రిస్మస్ సమయంలో అభిమానులకు కానుకలిచ్చే ఆయన కార్యక్రమంలో స్క్రాచ్ కార్డు నాటి ఆశ, ఉత్తరం నాటి ఆత్మీయత రెండూ కలిశాయి. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు పోకిరి చిత్రాన్ని మళ్ళీ ప్రదర్శించడంతో ఊపందుకున్న రీ-రిలీజుల ధోరణిలో ఆన్‌లైన్ అభిమాని తిరిగి హాలుకు వచ్చి, కాగితాలు ఎగరేసి, ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి మళ్ళీ ఆన్‌లైన్‌కు పంపాడు.

వ్యాపారులకు మలుపు 2020లోనే వచ్చింది. ఆ ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించడంతో ఎందరో యువతీ యువకులు అప్పటిదాకా కూడగట్టుకున్న అనుచరులు ఒక్క రాత్రిలో కనుమరుగయ్యారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చి ఆ ఖాళీని ఆక్రమించింది. చీరల దుకాణాలలో అమ్మకందారులే కెమెరా ముందు నిలబడి, చీర మడత విప్పి, కొంగు చూపించి, ధర చెప్పి, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకునే పద్ధతి వ్యాపించింది. కౌంటరు ముందు పరుపు మీద కూర్చోబెట్టి ఇరవై చీరలు విప్పి చూపించిన ఓపికే ఈ వీడియోలకు ప్రాణం. ఆ ఓపిక ఉన్న దుకాణాలు తారల సాయం లేకుండానే దూరదేశాల తెలుగు కుటుంబాల దాకా చేరగలిగాయి.

చట్టం ఈ మార్పుల వెంట ఆలస్యంగా నడిచింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి తొలి తప్పుకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. డబ్బు తీసుకుని చేసే పోస్టును ప్రకటనగా స్పష్టంగా చెప్పాలన్న నియమాన్ని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై హైదరాబాదు పరిధిలో పోలీసులు పలువురు నటులు, ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు నమోదు చేశారు. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మరో అడుగు ముందుకు వేసి, ఎంపికైన తర్వాత ఆ అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని పేరు, ఫోటో వాడరాదన్నాయి; ఏళ్ళ తరబడి పత్రికల నిండా పరుచుకున్న ఆ చిన్న ముఖాలకు తమ మీద తమకు హక్కుందని తొలిసారి స్పష్టంగా అంగీకరించినట్లయింది.

అభిమానికి అటువంటి గుర్తింపు ఇంకా రాలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో పుష్ప 2 ప్రీమియర్ వేళ జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది, ఆమె బిడ్డ తీవ్రంగా గాయపడ్డాడు. నెలల తరబడి ట్రైలర్లతో, పాటలతో, అంకెలతో పెంచిన ఉత్కంఠ ఆ రాత్రి ఒక ఇరుకు ద్వారం ముందు మనుషుల రద్దీగా మారింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బెనిఫిట్ షోలకు అనుమతులివ్వబోమని శాసనసభలో ప్రకటించింది, బాధ్యత ఎవరిదన్న వాదన థియేటరు, పోలీసులు, చిత్ర బృందం మధ్య నడిచింది. ప్రకటనలో నటించినవాడి బాధ్యతను, ఫోటో వాడుకున్న సంస్థ బాధ్యతను నిర్వచించిన నియమాలు పిలిచి కూడగట్టిన జనం క్షేమానికి ఎవరు, ఎప్పటి నుంచి, ఎంతవరకు పూచీ పడాలో చెప్పవు. ఆ జనమే ప్రచారంలో ఎక్కువ భాగం చేశారన్న విషయం అసలు ఏ పత్రంలోనూ నమోదు కాలేదు. ఆ పూచీని తేల్చే నియమాన్ని రాయవలసినవారు ఈ చరిత్రను దిల్‌సుఖ్‌నగర్ హాళ్ళ ముందు తెల్లవారుజామున తోరణాలు కట్టిన సంఘాల నుంచి మొదలుపెట్టి చదవడం అవసరం.